పెట్టె మీద రాసిన ఫేజులు, గదిలో కాసే ఎండ

కంప్యూటర్ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మదర్‌బోర్డు గురించినవే కావడంతో శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయించాను. మిర్యాలగూడ పాఠకుడు తన ఇబ్బందిని ఎంతో వివరంగా రాశారు. ఆయన అడిగింది చాలామందికి పనికొచ్చే సంగతి కాబట్టి ముందుగా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మిర్యాలగూడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. ఏడాది కిందట కోర్ ఐ7-13700 ప్రాసెసర్‌తో కొత్త సిస్టమ్ కట్టించుకున్నాను. ప్రాసెసర్‌కు వాటర్ కూలర్ పెట్టించాను కానీ, బోర్డు దగ్గర నాలుగు డబ్బులు మిగులుతాయని హెచ్610 చిప్‌సెట్ (బోర్డు తరగతిని నిర్ణయించే చిప్పు) ఉన్న అన్నిటికంటే చవక బోర్డు తీసుకున్నాను. ఎండలు ముదిరినప్పటి నుంచి, ఎక్స్‌పోర్ట్ పెట్టిన పదిహేను ఇరవై నిమిషాలకు వేగం ఒక్కసారిగా పడిపోతోంది. కాసేపటికి లేస్తుంది, మళ్లీ పడుతుంది. ప్రాసెసర్ వేడి మాత్రం 70 డిగ్రీలు దాటడం లేదు. ఒక మెకానిక్ ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చమన్నారు, ఇంకొకరు ప్రాసెసరే పోయిందన్నారు. "12+1+1 ఫేజులు" అని పెట్టె మీద రాసి ఉన్న బోర్డు కొంటే ఈ బాధ తీరుతుందా? ముహూర్తాల రోజుల్లో పని ఆగితే మాకు గడవదు.

జవాబు: దయచేసి ఇప్పుడే ప్రాసెసర్ గానీ, ఎస్ఎంపీఎస్ గానీ కొనకండి. మీరు రాసిన రెండు విషయాలను బట్టే లోపం ఎక్కడుందో చాలావరకు తెలుస్తోంది. మీ ప్రాసెసర్ తన వేడికి తాను భయపడి వేగం తగ్గించుకోవాలంటే దాని వేడి 100 డిగ్రీలకు చేరాలి. 70 దగ్గరే తగ్గిందంటే తగ్గమని చెప్పింది వేరొకరు. ఇంటెల్ పెట్టిన వాట్ల పరిమితి వల్ల వేగం తగ్గే పక్షంలో అది పని మొదలైన నిమిషం లోపే తగ్గి, అక్కడే నిలకడగా ఉండిపోతుంది. ఇరవై నిమిషాలు బాగా నడిచి, పడి, లేచి, మళ్లీ పడటం అన్నది ఏదో ఒక భాగం మెల్లగా కాగి, చల్లారి, మళ్లీ కాగుతోందనడానికి గుర్తు. ఆ భాగం బోర్డు మీద ప్రాసెసర్ సాకెట్ పక్కన ఉండే వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కు కావలసిన వోల్టేజీని తయారుచేసే విభాగం. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుని, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా వేగం తగ్గడానికి కారణాలు చూపే వరుసలో "వీఆర్ థర్మల్" ఎదురుగా "అవును" అని వస్తోందేమో చూడండి. వస్తే ఇక సందేహించే పనిలేదు.

వీఆర్‌ఎం చేసే పని వినడానికి చిన్నదిగానే ఉంటుంది. ఎస్ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు ఒకటి, ఒకటింబావు వోల్టు. వోల్టేజీ తగ్గించి అవే వాట్లు ఇవ్వాలంటే ఆంపియర్లు పెరగక తప్పదు. మీ ఐ7 పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా, అది నిలకడ పనికి ఇంటెల్ చెప్పిన అంకె మాత్రమే. టర్బోలో, అంటే కాసేపు వేగం పెంచుకుని నడిచేటప్పుడు, అదే ప్రాసెసర్ 219 వాట్ల దాకా తీసుకోవచ్చని ఇంటెల్ లెక్కల్లోనే ఉంది. ఒకటింబావు వోల్టు దగ్గర 219 వాట్లంటే దాదాపు 175 ఆంపియర్లు. ఇంట్లో మొత్తం కరెంటుకు పెట్టిన ఎంసీబీ 32 ఆంపియర్లది అయితే, అంతకు అయిదు రెట్లకు మించిన ఆంపియర్లు మీ బోర్డులో అరచేతిలో పట్టే చోటులోంచి వెళ్తున్నాయన్నమాట. ఈ మార్పిడిలో నూటికి పది పదిహేను వంతులు వేడిగా పోవడం మామూలు. 120 వాట్ల పనికే పద్నాలుగు, పదిహేను వాట్ల వేడి పుడుతుంది. వెనకటి జీరో బల్బు తినే కరెంటు ఇంచుమించు అంతే. గంటసేపు వెలిగిన ఆ బల్బును పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఆ వేడంతా ఇక్కడ గోరంత చిప్పుల మీద, వాటి మీద ఒక అల్యూమినియం ముక్క కూడా లేకుండా పడుతోంది.

వీఆర్‌ఎంలో ఈ ఆంపియర్లను పంచుకుని మోసే ఒక్కో శాఖను ఫేజు అంటారు. ఫేజులు ఎందుకు ఎక్కువ ఉండాలో ఇప్పుడు చెప్పడం తేలిక. తీగలో గానీ, మాస్‌ఫెట్‌లో (ఫేజులో కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటి చిప్పులో) గానీ నిరోధం వల్ల పుట్టే వేడి, ప్రవహించే ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆంపియర్లు సగమైతే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. వంద ఆంపియర్లను నాలుగు ఫేజులు పంచుకుంటే ఒక్కొక్కదాని మీద 25 పడతాయి, ఎనిమిది పంచుకుంటే పన్నెండున్నర. ఒక్కో ఫేజు వేడి నాలుగో వంతుకు, అన్నీ కలిపిన వేడి సగానికి దిగుతాయి. స్విచింగ్ వల్ల పుట్టే వేడి వేరే ఉంది కాబట్టి లాభం అచ్చంగా ఇంతే ఉండకపోయినా, దారి మాత్రం ఇదే.

అయితే పెట్టె మీది అంకెను యథాతథంగా నమ్మవద్దు. "12+1+1"లో మొదటి అంకె ఒక్కటే ప్రాసెసర్ కోర్లకు చెందింది. మిగతావి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు, ఇతర భాగాలకు. ఆ పన్నెండు కూడా పన్నెండు విడి ఫేజులు కాకపోవచ్చు. ఆరు సంకేతాలతో జంటలు జంటలుగా నడిచే పన్నెండు కావచ్చు. ఆంపియర్లు పంచుకునే విషయంలో జంటలైనా పనికొస్తాయి కనుక దాన్ని మోసం అని నేను అనను, కానీ ఆ అంకెను చూసి అదనంగా వేలు పోయనక్కర్లేదు. అంతకంటే ముఖ్యంగా చూడవలసింది ఒక్కో ఫేజులో వాడిన భాగం ఏమిటన్నది. చవక బోర్డుల్లో మామూలు మాస్‌ఫెట్లు రెండు, మూడు విడివిడిగా కనబడతాయి. మెరుగైన వాటిలో డ్రైవర్‌తో సహా అన్నీ ఒకే చిప్పులో ఇమిడిన డీఆర్‌మాస్ ఉంటుంది. దాని సామర్థ్యాన్ని 50, 60, 90 ఆంపియర్లని రాస్తారు. 60 ఆంపియర్లవి పన్నెండు ఉంటే 720 ఆంపియర్లని గుణించి మురిసిపోకూడదు. ఆ రేటింగ్ బాగా చల్లబరిచినప్పటి మాట. ఒక్కోదానిమీద పదిహేను ఆంపియర్లే పడేలా నడిపితే అది చల్లగా, తక్కువ నష్టంతో నడుస్తుందన్నదే ఆ పెద్ద అంకెల వల్ల మనకు అందే అసలు మేలు. పక్కనే ఉండే కెపాసిటర్లను కూడా 105 డిగ్రీల దగ్గర ఇన్ని గంటలని లెక్కగడతారు; 5,000 గంటలని చూసి భయపడనక్కర్లేదు, వేడి తగ్గినకొద్దీ ఆ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

"మీ ప్రాసెసర్ ఈ బోర్డు సపోర్ట్ లిస్టులో ఉంది కదా" అని దుకాణంలో అనడం సహజం. లిస్టులో పేరు ఉండటం అంటే ఆ ప్రాసెసర్ ఆ బోర్డు మీద ఆన్ అయి, కనీస వాట్లతో నడుస్తుందని. 219 వాట్లను మే నెల మధ్యాహ్నం గంటల తరబడి ఇస్తానని ఆ లిస్టు ఎక్కడా మాట ఇవ్వదు. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే.

మీ సిస్టమ్‌లో ఇంకొక చిక్కు ఉంది. మామూలు గాలి కూలర్ ఉంటే దాని ఫ్యాను గాలి కొంతైనా సాకెట్ చుట్టూ తిరిగేది. వాటర్ కూలర్ వల్ల ఫ్యాన్లు క్యాబినెట్ అంచుకు పోయాయి, సాకెట్ చుట్టూ గాలి కదలడం ఆగిపోయింది. ప్రాసెసర్ చల్లగా ఉండటం, దానికి కరెంటు ఇచ్చే భాగం కాగిపోవడం రెండూ ఒకే కారణంగా జరుగుతున్నాయి.

అందువల్ల కొత్త బోర్డు కొనే ముందు ఈ వారంలోనే చేయగలిగినవి రెండున్నాయి. ఎనిమిది సెంటీమీటర్ల ఫ్యాను ఒకటి తీసుకుని, సాకెట్‌కు ఎడమవైపు, పైవైపు ఉన్న చోక్‌ల (వీఆర్‌ఎంలోని చిన్న దిమ్మల్లాంటి తీగచుట్టల) మీద నేరుగా గాలి పడేలా క్యాబినెట్ లోపల బిగించండి. తరువాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డు సొంత ప్రోగ్రాంలోకి) వెళ్లి, ప్రాసెసర్ దీర్ఘకాలం తీసుకునే వాట్ల పరిమితిని, స్వల్పకాలపు పరిమితిని కూడా 125 దగ్గర పెట్టండి. 175 ఆంపియర్లు వందకు అటూ ఇటూగా దిగుతాయి. నిరోధం వల్ల పుట్టే వేడి మూడో వంతుకు చేరుతుంది. ఎక్కడా వేగం పడకుండా నడిచేదానితో పోలిస్తే ఎక్స్‌పోర్ట్ సమయం కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ఇప్పటిలా పడుతూ లేస్తూ నడిచేదానికంటే నిలకడగా నడిచేది ముందు ముగుస్తుంది. అలాగే, ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లలో వోల్టేజీ హద్దు మీరి అస్థిరత వచ్చే సమస్యకు ఆ సంస్థ 2024 ఆగస్టు నుంచి సవరణలు విడుదల చేసింది. మీ బోర్డుకు ఆ తరువాతి బయోస్ తప్పకుండా ఎక్కించండి. ఎక్కించేటప్పుడు సిస్టమ్ యూపీఎస్ మీద ఉండాలి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

రెండేళ్లలో పని ఇంకా పెరుగుతుందనుకుంటే, బీ760 చిప్‌సెట్‌తో, కోర్లకు ఎనిమిది నుంచి పన్నెండు డీఆర్‌మాస్ ఫేజులతో, సాకెట్‌కు రెండు వైపులా స్క్రూలతో బిగించిన బరువైన హీట్‌సింకులతో వచ్చే మధ్యరకం బోర్డు మీకు ధారాళంగా సరిపోతుంది. హీట్‌సింకు రంగులను, లైట్లను చూడకండి. గాడులు కోసి ఉందా, గాలి తగిలే వైశాల్యం ఉందా అని చూడండి. నున్నటి ప్లాస్టిక్ మూత కప్పిన హీట్‌సింకు కంటే గరుకుగా చీలికలు ఉన్న చిన్న ముక్క మేలు. ప్రాసెసర్ కరెంటుకు 8 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటే మీ ఐ7కు చాలు; పక్కన ఇంకో నాలుగు పిన్నులు ఉన్నంత మాత్రాన బోర్డు గొప్పదైపోదు. అంతకంటే ఖరీదైన జెడ్790 మీకు అక్కర్లేదు, మీ ప్రాసెసర్‌కు వేగాన్ని పెంచే గుణకం తెరిచి లేదు కాబట్టి దాని ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం) మీకు ఉపయోగపడదు. మీకు రైస్ మిల్లులు దగ్గరలో ఉంటే, ఊక దుమ్ము హీట్‌సింకు చీలికల్లో పేరుకుంటుంది. మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టించండి, కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి.

ప్రశ్న: గద్వాలలో చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తాను. రైజెన్ 7 7700, బీ650 బోర్డు, 6000 వేగం గల 16 జీబీ డీడీఆర్5 ర్యామ్‌లు రెండు ఉన్నాయి. పెద్ద డిజైన్లకు మెమరీ చాలక అవే కంపెనీవి ఇంకో రెండు వేయించాను. మొదట తెర మీద ఏమీ రాలేదు, వచ్చాక గంటకోసారి ఆగిపోతోంది. బోర్డు పెట్టె మీద "7600 ప్లస్ ఓసీ" అని, నాలుగు స్లాట్లు అని స్పష్టంగా ఉంది. బోర్డు పాడైందా?

జవాబు: బోర్డు బాగానే ఉండి ఉంటుంది. పెట్టె మీద "ఓసీ" అన్న రెండక్షరాలు ఓవర్‌క్లాక్‌కు గుర్తు. అంటే మంచి ప్రాసెసర్, మంచి ర్యామ్, ఒకటో రెండో స్టిక్కులు కలిసొచ్చినప్పుడు చేరగలిగిన వేగం. మెమరీని నడిపే కంట్రోలర్ బోర్డులో లేదు, ప్రాసెసర్ లోపల ఉంది. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా ఒప్పుకున్నది రెండు స్టిక్కులతో 5200. నాలుగు స్టిక్కులు వేస్తే 3600 మాత్రమే. నాలుగింటిని 6000 మీద నడపమని ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి పెంచే సెట్టింగ్) ఆన్ చేసి ఉంచడం వల్లే ఆగిపోతోంది. స్లాట్లు నాలుగు ఉన్నది వేగం కోసం కాదు, పరిమాణం కోసం.

మీ పనికి 64 జీబీ కావాలనుకుంటే, ఒకే ప్యాకెట్‌లో వచ్చే 32 జీబీ జత ఒకటి తీసుకుని పాత జతను అమ్మేయడమే నా సలహా. పేరు ఒకటే అయినా ఆరు నెలల తేడాతో కొన్న రెండు ప్యాకెట్లలో లోపలి చిప్పులు వేరుగా ఉండవచ్చు. కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చేది ఒక ప్యాకెట్‌లో ఉన్న వాటికే. కొనే ముందు మీ బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి, పరీక్షించిన మెమరీ జాబితాను తెరవండి. అందులో ర్యామ్ మోడల్ నంబరు ప్యాకెట్ మీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చివరి గడుల్లో ఒకటి, రెండు, నాలుగు స్టిక్కులకు విడివిడిగా టిక్కు పెడతారు. రెండింటి కింద టిక్కు ఉండి నాలుగింటి కింద ఖాళీగా ఉంటే అది మీకోసమే రాసిన హెచ్చరిక. జాబితా మీ ప్రాసెసర్ తరానికి సంబంధించినదేనా అన్నది కూడా చూసుకోండి.

జతను సాకెట్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద వాటి దగ్గర ఏ2, బీ2 అని ఉంటుంది. కొత్త డీడీఆర్5 వేశాక మొదటిసారి తెర రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ సమయంలో ప్రాసెసర్ మెమరీతో సరైన సమయాలను సరిచూసుకుంటూ ఉంటుంది. పాడైందనుకుని బటన్ నొక్కి ఆపితే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్స్‌పో ఆన్ చేసే ముందు బయోస్ కొత్తదై ఉండాలి. 2023లో కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లేది) అతిగా పెంచి ప్రాసెసర్లు కాలిన ఘటనలు బయటపడ్డాక, ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు మించకుండా కట్టడి చేయించింది. ఆ తరువాతి బయోస్‌లలోనే ఆ కట్టడి ఉంటుంది. అన్నీ అయ్యాక మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా ఆ వేగం మీద పనిచేయవద్దు. మెమరీ తప్పుతో సేవ్ అయిన డిజైన్ ఫైలు మరునాడు తెరుచుకోకపోవచ్చు, నెల రోజుల కష్టం పోతుంది.

ప్రశ్న: దేవరకొండలో రేకుల కప్పు ఉన్న మడిగెలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం లోపల 42 డిగ్రీలు ఉంటుంది. బోర్డులను పరీక్షించే వీడియోల్లో బోర్డు వేడి 75 డిగ్రీలే అంటారు, మా దగ్గర ఎంత ఉంటుందో తెలియదు. గదిలో పెట్టిన కూలర్ గాలిని సీపీయూ వైపు తిప్పవచ్చా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది చాలా విలువైన ప్రశ్న, ఎందుకంటే బోర్డు పరీక్షలు ఎక్కువగా 22 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవే. లెక్క మాత్రం తేలిక. పరీక్షలో చెప్పిన వేడి నుంచి ఆ గది ఉష్ణోగ్రతను తీసేసి, మిగిలినదానికి మీ గది ఉష్ణోగ్రత కలపండి. 25 డిగ్రీల గదిలో 75 అంటే గది కంటే 50 ఎక్కువ; మీ మడిగెలో అదే బోర్డు 92 చేరుతుంది. వీఆర్‌ఎం చిప్పులను సాధారణంగా 125 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు కాబట్టి 92 ప్రమాదం కాదు. పరీక్షలోనే 95 చూపిన బోర్డు మాత్రం మీ దగ్గర 112 దాకా పోతుంది, అది మిర్యాలగూడ పాఠకుడు పడుతున్న బాధే. పరీక్ష చేసిన గది వేడి ఎంతో చెప్పని సమీక్షను నేను లెక్కలోకి తీసుకోను, మీరూ తీసుకోకండి.

కూలర్ గాలిని మాత్రం సీపీయూకు ఎదురుగా తిప్పవద్దు. ఆ గాలితోపాటు సన్నటి నీటి తుంపరలు వస్తాయి, మన బోరు నీళ్లలోని ఉప్పు ఆ తుంపరలతో బోర్డు మీద చేరి తెల్లటి పొరగా మిగులుతుంది. పిన్నుల మధ్య ఆ పొర, దాని మీద తేమ, ఈ రెండూ కలిస్తే తుప్పుకు, షార్టుకు దారి తీస్తాయి. కూలర్ గదిని చల్లబరిస్తే చాలు. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా, గాలి దారికి పక్కగా పెట్టండి. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్‌లో ముందు నుంచి లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక నుంచి బయటికి ఒకటి ఉంటే మీ పనికి సరిపోతాయి. ఆ ఫ్యాన్లను బోర్డు మీది పిన్నులకు కలిపేటప్పుడు ఒక్కో చోట ఒక ఆంపియరు, అంటే 12 వాట్లు మాత్రమే సాధారణంగా ఇస్తారని గుర్తుంచుకోండి. స్ప్లిటర్ వేసి నాలుగైదు ఫ్యాన్లు ఒకే చోట తగిలించే ముందు వాటి మీద రాసిన ఆంపియర్లను కూడి చూడండి. డీటీపీ పనికి వాటర్ కూలర్ అక్కర్లేదు. గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదే రకం కూలర్ అయితే వీఆర్‌ఎంకు కూడా గాలి తగులుతుంది, మీలాంటి గదికి అదే నయం.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కోర్ ఐ5-12400 కొన్నాను. హెచ్610 బోర్డు వేస్తే కాలిపోతుందని, బీ760 తప్పనిసరి అని స్నేహితులు అంటున్నారు. పాత కంప్యూటర్‌లోని 3200 వేగం డీడీఆర్4 ర్యామ్‌లు రెండు ఉన్నాయి, అవి పనికొస్తాయా?

జవాబు: కాలిపోదు. మీ ప్రాసెసర్ టర్బోలో కూడా 117 వాట్లు మించదు, ఆటలు ఆడేటప్పుడు అంత కూడా తీసుకోదు. వీఆర్‌ఎం మీద చిన్న హీట్‌సింకు ఉన్న హెచ్610 బోర్డు దీనికి సరిపోతుంది. హీట్‌సింకు అసలే లేనిది మాత్రం ధర ఎంత తగ్గినా వద్దు. ఈ సాకెట్‌కు డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు వేర్వేరుగా వస్తాయి, ర్యామ్ అడుగున గాడి ఉండే చోటు వేరు కాబట్టి ఒకదానిది ఇంకొకదానిలో పట్టదు. బోర్డు పేరు చివర డీ4 అని ఉందో లేదో, వివరాల పేజీలో డీడీఆర్4 అని రాసి ఉందో లేదో చూసి కొనండి. 3200 మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ అధికారికంగా ఒప్పుకున్న వేగమే. హెచ్610 మీద మెమరీ ఓవర్‌క్లాకింగ్ ఉండదు కనుక, మీ ర్యామ్ 3200ను ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ఎక్స్‌పో లాంటిదే, ఇంటెల్‌ది) సాయంతో అందుకునే రకమైతే ఈ బోర్డు మీద 2666 లేదా 2400 దగ్గరే ఆగిపోవచ్చు. సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో ఎస్‌పీడీ పేజీ తెరిచి, జేడెక్ (ప్రామాణిక వేగాల) వరుసల్లో 1600 మెగాహెర్ట్జ్ (3200ను అక్కడ సగంగా చూపుతారు) ఉందేమో చూడండి. ఉంటే హెచ్610, లేకపోతే ఆ ర్యామ్‌ల కోసం డీడీఆర్4 రకం బీ660 గానీ, బీ760 గానీ తీసుకోండి.